మోటారుకారు బానెట్టు గడియ: అది మాటిమాటికి ఊడుటకు కారణములు, సరిచేయు విధము

మోటారుకారు ముందుభాగమున ఇంజనును కప్పియుండు రేకుమూతకు బానెట్టు అని పేరు. అమెరికా దేశస్థులు దీనినే హుడ్డు అందురు. ఈ మూతను క్రిందికి బిగించి పట్టియుంచు ఇనుప సాధనము బానెట్టు గడియ. మెకానిక్కు షెడ్లలో పనివారు దీనిని బానెట్టు లాకు అని పిలుతురు. అరచేతిలో ఇముడునంతటి ఈ వస్తువును కారు కొనువారు చూడరు, అమ్మువారు చూపరు. అయినను కారు వేగముగా పోవుచున్నప్పుడు డ్రైవరు కన్నుల యెదుట మార్గము కనబడుచుండుట ఈ చిన్న గడియ తన పనిని తాను చేయుచుండుటపై ఆధారపడియున్నది.

కొన్ని కార్లలో ఈ గడియ మాటిమాటికి ఊడుచుండును. గతుకులో చక్రము పడగానే బానెట్టు ఒక అంగుళము పైకి లేచి టపటప కొట్టుకొనును. యజమాని దిగి, దానిని పైకెత్తి, బలముగా వేసి, మరల ప్రయాణము సాగించును. మరునాడు అది మరల ఊడును. ఈసారి ఇంకను బలముగా వేయును. ఇట్లు కొన్ని వారములు గడచిన పిమ్మట ఎంత బలముగా వేసినను అది పట్టని దినమొకటి వచ్చును. అప్పుడు ఒక తాడు తెచ్చి కట్టును. ఈ పనులలో ఒకటియు చికిత్స కాదు. జ్వరము వచ్చిన బిడ్డను గదిమినంత మాత్రమున జ్వరము తగ్గునా? గడియ ఊడుట వ్యాధి లక్షణము మాత్రమే; దాని వెనుక కారణమొకటి తప్పక ఉండును. ఆ కారణమును క్రమముగా వెదకి పట్టుకొను విధమును బోధించుటయే ఈ పాఠము ఉద్దేశము. ఇందు చెప్పబడు పరీక్షలలో ఎక్కువభాగము ఒక స్క్రూడ్రైవరు, ఒక పాత బ్రష్షు, కొంచెము గ్రీజు, ఒక సుద్దముక్క ఉన్నచో ఇంటి ముంగిటనే చేయవచ్చును.

1. గడియలోని భాగములు

బానెట్టును ఎత్తి దాని ముందంచు అడుగుభాగమును చూడుడు. నడుమ, లాడము ఆకారముగా వంచిన లావుపాటి కడ్డీ యొకటి క్రిందికి దిగియుండును. ఈ పాఠములో దీనిని కొండి యని పిలుతము. దానికి సరిగా ఎదురుగా, రేడియేటరు పైనున్న అడ్డపట్టెకు గడియ బిగింపబడియుండును. గడియలో ముఖ్యమైన భాగములు నాలుగు.

మొదటిది తిరుగుడు కొక్కెము. ఇది పీత డెక్కవలె చీలియుండు ఇనుప బిళ్ల. బానెట్టును వేయునప్పుడు కొండి వచ్చి ఈ చీలికలో దిగి, కొక్కెమును త్రిప్పును. రెండవది చిలుకు. కొక్కెము తిరిగిన వెంటనే ఈ చిలుకు దాని గంటులో పడి, అది వెనుకకు తిరుగకుండ అడ్డగించును. బానెట్టు వేసినప్పుడు మనకు వినబడు "టక్" అను చప్పుడు ఈ చిలుకు పడిన చప్పుడే. మూడవది స్ప్రింగులు. ఒక స్ప్రింగు కొక్కెమును తెఱచు దిక్కునకు త్రిప్పవలెనని చూచుచుండును. మరియొకటి చిలుకును గంటులో అదిమియుంచును. నాల్గవది కేబులు తీగ. ఇది ఒక గొట్టములో దాగి కారు లోపలికి పోయి, డ్రైవరు మోకాలి చెంతనుండు మీటకు తగులుకొనియుండును. మీటను లాగినచో తీగ చిలుకును ప్రక్కకు లాగును; చిలుకు తొలగగానే కొక్కెము తిరిగి కొండిని విడుచును; బానెట్టు ఇంచుమించు ఒక అంగుళము పైకి లేచును.

అయితే అంతటితో బానెట్టు పూర్తిగా తెఱచుకొనదు. దానిని మరియొక కొక్కెము పట్టుకొని ఆపును. మనము ముందంచు క్రింద వ్రేళ్లు దూర్చి ఈ రెండవ కొక్కెమును జరిపినగాని బానెట్టు పైకి రాదు. మొదటి గడియ ఏ కారణముచేతనైనను విడిచినయెడల బానెట్టు గాలికి లేచిపోకుండ కాపాడునది ఇదియే గనుక దీనిని కాపు కొక్కెము అందము.

వీటికి తోడు బానెట్టు ముందు మూలలలో రెండు రబ్బరు గుబ్బలుండును. ఇవి బానెట్టును క్రిందినుండి కొంచెము పైకి నెట్టుచుండును. గడియ క్రిందికి లాగును, గుబ్బలు పైకి నెట్టును. ఈ రెంటి నడుమ బానెట్టు కదలక నిలుచును. గుబ్బలను త్రిప్పి ఎత్తు పెంచుటకును తగ్గించుటకును చాల కార్లలో వీలుండును.

అన్ని కార్లలోను గడియ ఒకే రూపముగా ఉండదు. కొన్ని పాత కార్లలో లాడపు కొండికి బదులు స్ప్రింగు చుట్టిన కోలవంటి కడ్డీ యుండును. అయినను సూత్రమొకటే. ఆ సూత్రమును బాగుగా మనస్సున నిలుపుకొనుడు: గడియ పట్టు ఇనుము లావులో లేదు, మనము వేసిన వేటు బలములోను లేదు; చిలుకు తన గంటులో పూర్తిగా కూర్చుండుటలో ఉన్నది. సగము కూర్చున్న చిలుకు, కొస మాత్రము తగిలించిన గొళ్లెము వంటిది. చూచువారికి తలుపు వేసియున్నట్లే కనబడును. గాలి వీచినప్పుడు నిజము బయటపడును.

2. గాలి చేయు పని

గాలి కంటికి కనబడదు గనుక దాని బలమును మనము తక్కువగా ఎంచుదుము. కారు నిలిచియున్నప్పుడు బానెట్టును దాని బరువే క్రిందికి అదిమియుంచును. చిన్న కార్ల ఇనుప బానెట్టు ఇంచుమించు 10 మొదలు 20 కిలోగ్రాముల వరకు బరువుండును. కారు పరుగెత్తునప్పుడు ఎదుటినుండి వచ్చు గాలి ముందు జాలీ గుండ లోనికి దూరి బానెట్టును అడుగునుండి పైకి నెట్టును. గడియ పట్టియున్నంతవరకు ఈ నెట్టుడు మనకు తెలియదు. గడియ విడిచి ముందంచు కొంచెము లేచెనా, గాలి ఆ సందులో చొరబడును. రేకు లేచినకొలది గాలికి ఎదురుపడు వైశాల్యము పెరుగును. వైశాల్యము పెరిగినకొలది రేకు ఇంకను లేచును.

ఉన్నత తరగతుల విద్యార్థులు ఎఱుగవలసిన నియమమొకటి ఇక్కడ పనిచేయుచున్నది. గాలి ఒత్తిడి వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. ఒక చదరపు మీటరు పలకను గాలికి ఎదురుగా నిలిపి గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోయినచో దానిపై పడు ఒత్తిడి సుమారు 7½ కిలోగ్రాముల బరువుకు సమానము. గంటకు 80 కిలోమీటర్ల వేగమున అది సుమారు 30 కిలోగ్రాములగును. 100 కిలోమీటర్ల వేగమున సుమారు 47 కిలోగ్రాములు. వేగము రెండింతలైనచో ఒత్తిడి నాలుగింతలైనదని గమనింపుడు. ఎదుటినుండి పెద్ద లారీ దూసికొని పోవునప్పుడు కలుగు గాలివిసురు దీనికి అదనము.

అందుచేత ఊరి వీధులలో గంటకు 30 కిలోమీటర్ల వేగమున నెలల తరబడి ఏమియు కాని వదులు బానెట్టు, జాతీయ రహదారి ఎక్కిన కొన్ని నిమిషములలోనే లేచి ముందటి అద్దముపై పడవచ్చును. "ఇన్నాళ్లు ఏమియు కాలేదు గదా" అను మాటకు ఇక్కడ విలువ లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక్క సెకండులో 22 మీటర్లు పోవును. డ్రైవరు భయపడి తేరుకొనుటకు మూడు సెకండులు పట్టినయెడల కారు 66 మీటర్ల దూరము గ్రుడ్డిగా పోయినదన్నమాట. ఆ 66 మీటర్లలో నడిచిపోవు మనుష్యుడో, సైకిలుపై బడికి పోవు బాలుడో ఉండవచ్చును. గడియ యజమానుని వస్తువే గాని దాని ప్రమాదము యజమానునికి మాత్రమే సంబంధించినది కాదు.

3. కాపు కొక్కెము ఏల కలిగెను

తొలి కార్లకు ఈ బాధ అంతగా లేదు. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కారు బానెట్టు నడిమిభాగమున కీలుతో కూడి, పుస్తకపు అట్టలవలె ప్రక్కలనుండి తెఱచుకొనెడిది. ఎదురుగాలి దానిని పైకెత్తుటకు వీలు తక్కువ. ఆ కాలపు పందెపు కార్లకు బానెట్టుపైన తోలు పటకా బిగించెడివారు. 1930వ సంవత్సరమునకు తరువాతి దశాబ్దములో వెనుక కీలు గలిగి, ముందునుండి మొసలి నోరువలె తెఱచుకొను ఒంటిరేకు బానెట్లు వ్యాపించెను. ఇంజను పనికి ఇవి ఎంతో సౌకర్యము. కాని నోరు గాలికి ఎదురుగా నున్నందున గడియ బాధ్యత పెరిగినది.

కొందరు నిర్మాతలు కీలును ముందు పెట్టి ఈ చిక్కును తప్పించుకొనిరి. 1961 మొదలు మద్రాసునందు తయారైన స్టాండర్డు హెరాల్డు కారు ముందుభాగమంతయు ముందుకు వంగి తెఱచుకొనెడిది. గడియ విడిచినను గాలియే దానిని మూసియుంచును. మన పల్లె మార్గములకు పరిచయమైన జీపు బానెట్టునకు రెండు ప్రక్కల బయటికి కనబడు బిగింపు కొక్కెములుండును. అవి వేసినవో లేవో దూరమునుండియే తెలియును. నేటి కార్లలో ఎక్కువభాగము మాత్రము వెనుక కీలు, ముందు నోరు గలవే. అందుచేత అమెరికా ప్రభుత్వము 1969 మొదలు ముందునుండి తెఱచుకొని డ్రైవరు చూపును అడ్డగింపగల ప్రతి బానెట్టునకు రెండవ పట్టు ఉండవలెనని నియమము చేసెను.

పూర్వము ఇశ్రాయేలీయులకు ఇయ్యబడిన విధులలో, క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, లేనియెడల పడినవాని రక్తాపరాధము ఆ యింటిమీదికి వచ్చుననియు భావమిచ్చు విధి ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమున కలదు. ఎవరును పడకమునుపే కట్టవలసినది పిట్టగోడ. కాపు కొక్కెము కారునకు అట్టి పిట్టగోడ.

పిట్టగోడయు శిథిలము కావచ్చును. 2020వ సంవత్సరమున నిస్సాన్ సంస్థ 2013 మొదలు 2018 వరకు గల ఆల్టిమా కార్లను సుమారు 18 లక్షలు అమెరికాలో వెనుకకు పిలిపించెను. కాపు కొక్కెముపై రంగు ఊడి, తుప్పు పట్టి, కొక్కెము తెఱచిన స్థితిలోనే బిగిసిపోవచ్చుననునదియే కారణము. 2024 జూలై నెలలో టెస్లా సంస్థ ఆ దేశముననే సుమారు 18½ లక్షల కార్లను గూర్చి ఇట్టి ప్రకటనయే చేసెను. అక్కడి లోపము వేఱు: బానెట్టు గడియ పడలేదన్న సంగతిని కారులోని పరికరము కనిపెట్టక, డ్రైవరునకు తెలుపకపోవచ్చును. ఇంత విద్య గల సంస్థల కార్లకే ఇట్టి లోపము రాగా, ఏండ్ల తరబడి దుమ్ములోను బురదలోను తిరిగిన మన కార్ల గడియలను పరీక్షింపకుండుట తగునా?

4. పరీక్షకు ముందు జాగ్రత్తలు

కారును చదునైన నేలపై నిలిపి, చేతిబ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళపుచెవి తీసివేయవలెను. ఇంజను చల్లారువరకు ఆగవలెను. రేడియేటరు ముందు ఫంకా కొన్ని కార్లలో ఇంజను ఆగిన తరువాతను దానంతట అదే తిరుగును గనుక వ్రేళ్లను దాని దరికి పోనీయరాదు. ఉంగరములు, గాజులు, గడియారము తీసివేసి, పైట కొంగును గాని కండువాను గాని బిగించుకొనవలెను. బానెట్టును నిలుపు ఊతకడ్డీ తన రంధ్రములో సరిగా కూర్చున్నదో లేదో చూడవలెను. ఒకరు మీట లాగుచుండగా మరియొకరు గడియలో వ్రేలు పెట్టరాదు. స్క్రూడ్రైవరుతోనే పని చేయవలెను. చిన్న తరగతుల పిల్లలు దగ్గర నిలిచి చూడవచ్చునే గాని చేతులు పెట్టరాదు.

5. పరీక్షలు, కారణములు, చికిత్సలు

మొదటి పరీక్ష: గడియ తనంతట తాను పనిచేయుచున్నదా? బానెట్టు ఎత్తియుండగా స్క్రూడ్రైవరు కొనతో తిరుగుడు కొక్కెమును కొండి నెట్టు దిక్కునకే నెట్టుడు. చిలుకు "టక్" అని పడవలెను. పిదప స్క్రూడ్రైవరుతో కొక్కెమును పైకి లాగి చూడుడు, రాకూడదు. ఇప్పుడు కారులోని మీటను లాగినచో కొక్కెము చటుక్కున విడిపోవలెను. ఇక్కడ ముఖ్యమైన హెచ్చరిక యొకటి: పరీక్ష ముగిసిన పిమ్మట మీట లాగి కొక్కెమును తెఱచిన స్థితికి తెచ్చిన తరువాతనే బానెట్టు వేయవలెను. మఱచినచో కొండి మూసియున్న కొక్కెమునకు గ్రుద్దుకొని రెండును చెడును.

ఈ పరీక్షలో కొక్కెము మందముగా కదలినను, చిలుకు పూర్తిగా పడకున్నను, మురికియు తుప్పుయు కారణమని మొదట అనుమానింపవలెను. ఎండకాలపు దుమ్ము పాత గ్రీజుతో కలిసి బంకవలె గట్టిపడును. వానకాలమున బురద చిమ్మి లోపల ఎండును. కాకినాడ, మచిలీపట్టణము, విశాఖపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఇనుమును త్వరగా తినును. చికిత్స సులభము. తుప్పు వదల్చు నూనె చల్లి కొంతసేపు ఆగి, పాత బ్రష్షుతో మూలమూలలు తోమి, గుడ్డతో తుడిచి, కొక్కెమును పదిసార్లు వేసి తీసి, నలుపు నీరు కారుట మానువరకు ఈ పని చేయవలెను. ఆఱిన పిమ్మట కీళ్ల యొద్ద కొంచెము గ్రీజు పూయవలెను. పెట్రోలుతో కడుగరాదు, అగ్నిభయము గలదు. పాత మురికిమీదనే క్రొత్త గ్రీజు పూయుట పుండు కడుగకుండ కట్టు కట్టుట వంటిది. మాటిమాటికి ఊడు గడియలలో అనేకములు ఈ ఒక్క శుద్ధితోనే బాగుపడును.

శుద్ధి చేసిన తరువాతను చిలుకు తనంతట తాను గంటులో పడనియెడల స్ప్రింగు సాగినదో విఱిగినదో అయియుండును. చిలుకు కొన గాని గంటు అంచు గాని అరిగి గుండ్రనైనయెడల అది గతుకులలో జారును. ఈ రెండు సందర్భములలోను గడియనంతటిని మార్చవలెను.

రెండవ పరీక్ష: కేబులు తీగ వెనుకకు వచ్చుచున్నదా? మీటను లాగి విడిచినప్పుడు అది చటుక్కున తన స్థానమునకు పోవలెను. సగములో నిలిచినయెడల తీగ గొట్టములో తుప్పుపట్టి బిగిసినదని తెలిసికొనుడు. అప్పుడు తీగ చిలుకును ఎల్లప్పుడును కొంచెము లాగియే యుంచును. చిలుకు గంటులో సగమే కూర్చుండును. చిన్న కుదుపునకే విడిపోవును. చూచుటకు గడియ నిర్దోషియే. దోషము నాలుగడుగుల దూరమున నున్న తీగలో ఉన్నది. గొట్టపు కొనలో పలుచని నూనె చుక్కలు చుక్కలుగా వేసి మీటను అనేకసార్లు ఆడింపవలెను. తీగ పోగులు తెగి విచ్చినయెడల క్రొత్తది వేయింపవలెను.

మూడవ పరీక్ష: కొండి సరిగా నడుమ దిగుచున్నదా? కొండి అడుగున సుద్ద గాని గ్రీజు గాని పూసి, బానెట్టును చేతితో మెల్లగా దించి గడియకు తాకించి, మరల ఎత్తి చూడుడు. గడియపై పడిన గుర్తు చీలిక నడుమ ఉండవలెను. ఒక ప్రక్కకు పడినయెడల గడియ గాని బానెట్టు గాని తన స్థానమునుండి జరిగినదన్నమాట. ముందుభాగమునకు చిన్న దెబ్బ తగిలిన కార్లలోను, వెనుక కీళ్ల బోల్టులు వదులైన కార్లలోను ఇట్లు జరుగును. మొదట కీళ్ల బోల్టులను చూచి బిగింపుడు. అప్పటికిని సరిపడకున్నచో, గడియ చుట్టును పెన్సిలుతో గీత గీసి పాత స్థానమును గుర్తుపెట్టుకొని, దాని బోల్టులను కొంచెము సడలించి, ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే జరిపి, బిగించి, మరల పరీక్షింపుడు. గీత లేకుండ సడలించువాడు తిరిగివచ్చు దారి తెలియక అడవిలో ప్రవేశించినవానివంటివాడు.

నాల్గవ పరీక్ష: రబ్బరు గుబ్బల ఎత్తు సరిగానున్నదా? గుబ్బలు మిక్కిలి ఎత్తుగానున్నచో బానెట్టు కడవరకు దిగదు. చిలుకు పూర్తిగా పడదు. మిక్కిలి తగ్గియున్నచో బానెట్టు గతుకులలో ఎగిరెగిరి పడుచు గడియను మాటిమాటికి కుదుపును. ముందంచును చేతులతో పట్టి ఎత్తి దించినచో ఆటయు చప్పుడును ఉండరాదు. రెండు ప్రక్కల సందులు సమానముగా కనబడవలెను. గుబ్బను ఒక అఱచుట్టు త్రిప్పి, వేసి చూచి, మరల త్రిప్పుచు సరిచేయవలెను. గుబ్బ ఊడి పోయినచో క్రొత్తది పెట్టవలెను. అడ్డముగా మడతపడిన రబ్బరుపట్టీయు, మఱచి విడిచిన గుడ్డపీలికయు బానెట్టును దిగనీయవు, వాటినిగూడ వెదకవలెను.

ఐదవ పరీక్ష: కాపు కొక్కెము జీవముతో ఉన్నదా? దీనిని వ్రేలితో జరిపి విడిచినప్పుడు స్ప్రింగు బలముచే వెంటనే వెనుకకు రావలెను. తరువాత బానెట్టును మెల్లగా దించి మొదటి గడియ పడకుండ కాపు కొక్కెమునకు మాత్రము తగిలించి, ముందంచును చేతితో పైకెత్తి చూడుడు. అది పట్టి నిలుపవలెను. ఈ పరీక్షలో తప్పిన కారు రహదారికి పోదగినది కాదు. మిగిలిన నాలుగు పరీక్షలలో నెగ్గినను ఈ మాట మారదు. మొదటి గడియ తప్పినచో రెండవది ఉన్నది. రెండవది తప్పినచో మూడవది లేదు.

6. బానెట్టు వేయు పద్ధతి

చాల కార్లలో బానెట్టును ఒక జానెడు ఎత్తువరకు దించి, అక్కడనుండి దానంతట అది పడునట్లు విడువవలెను. చక్కగానున్న గడియ అంతటి బరువుకే పట్టును. పైనుండి విసరి కొట్టుటచే కొండి వంగును, రేకు నొక్కుపడును. పట్టలేదని అరచేతులతో నడుమ అదిమినచో పలుచని రేకు గుంటపడును. కొన్ని కార్లకు వేఱు పద్ధతి విధింపబడియుండును గనుక కారుతో ఇచ్చిన పుస్తకమును చూడవలెను. వేసిన తరువాత ముందంచును పట్టి ఒక్కసారి పైకి లాగి చూచుట మఱవరాదు. జానెడు ఎత్తునుండి విడిచినప్పుడు పట్టని గడియ, "నన్ను పరీక్షింపుము" అని మనకు చెప్పుచున్నదని తెలిసికొనవలెను. బలము హెచ్చించుట దాని నోరు మూయుటయే.

7. దారిలో ఊడినయెడల

బానెట్టు అంగుళము లేచి కాపు కొక్కెముపై నిలిచియున్నచో వేగమును మెల్లగా తగ్గించి, ఎడమ ప్రక్కకు పోవుచున్నట్లు దీపము చూపి, మార్గము అంచున నిలిపి, దిగి సరిచేయవలెను. "ఊరు దగ్గరనే ఉన్నది" అని సాగిపోరాదు.

పూర్తిగా లేచి అద్దమును కప్పినయెడల మొదటి విధి చేతులకు సంబంధించినది: స్టీరింగును త్రిప్పక తిన్నగా పట్టియుండవలెను. బ్రేకును ఒక్కసారిగా త్రొక్కరాదు. వెనుక వచ్చు బండి మీదికి వచ్చును. మెల్లమెల్లగా త్రొక్కుచు నాలుగు దీపములు ఒక్కసారి వెలుగు మీటను నొక్కవలెను. తల వంచి చూచినచో కొన్ని కార్లలో బానెట్టు క్రింది సందునుండి మార్గము కొంచెము కనబడును. లేనియెడల ప్రక్క కిటికీనుండి మార్గపు గీతను చూచుచు ఎడమ అంచునకు చేర్చి నిలుపవలెను.

గడియ అక్కడ బాగుపడనిచో బలమైన నైలాను తాడును కొండిలోనుండి దూర్చి అడ్డపట్టెకు బిగించి కట్టి, దగ్గరి షెడ్డు వరకు మాత్రము మెల్లగా పోవచ్చును. తాడు షెడ్డు చేరుటకే గాని షెడ్డునకు బదులు కాదు. వంగిన కొక్కెమును సుత్తెతో సాగగొట్టుట, విఱిగినదానికి వెల్డింగు పెట్టుట, అడ్డముగా నున్నదని కాపు కొక్కెమును తీసివేయుట ఎన్నడును చేయరాదు. క్రొత్త గడియ వెల ఎంతైనను, దాని లోపముచే కలుగు నష్టముతో పోల్చదగినది కాదు.

8. ముగింపు

ఈ పాఠము బానెట్టు గడియను గూర్చినదే యైనను దీనిలోని పద్ధతి అన్ని యంత్రములకును చెల్లును. మొదట నిర్మాణమును తెలిసికొనుట, పిదప ఒక్కొక్క భాగమును వేఱువేఱుగా పరీక్షించుట, ఒక్క మార్పు చేసి దాని ఫలితమును చూచిన పిమ్మటనే రెండవ మార్పు చేయుట. ఇది ప్రయోగశాలలో మీరు నేర్చుకొను పద్ధతియే. ఒకేసారి నాలుగు బోల్టులు సడలించినవాడు ఏది రోగమో, ఏది మందో ఎఱుగలేడు.

ప్రయాణమునకు ముందు ప్రార్థన చేయుట మన యిండ్లలో వాడుక. ఆ ప్రార్థనకు ముందు గాని వెనుక గాని ఒకరు పోయి బానెట్టు ముందంచును చేతితో ఎత్తి చూచి వచ్చుట ప్రార్థనకు విరోధము కాదు. దానికి తగిన నడతయే. ఈ పనిని ఇంటిలోని పెద్ద విద్యార్థులకు అప్పగింపవలెనని తల్లిదండ్రులకు మనవి. అందుకు పట్టు కాలము అఱనిమిషము.

అభ్యాస ప్రశ్నలు

1. బానెట్టు వేసినప్పుడు వినబడు "టక్" అను చప్పుడు ఏ భాగమువలన కలుగును? ఆ చప్పుడు వినబడినంత మాత్రమున గడియ బాగున్నదని చెప్పవచ్చునా? ఏల?

2. వేగము గంటకు 60 కిలోమీటర్లనుండి 90 కిలోమీటర్లకు పెరిగినచో గాలి ఒత్తిడి ఎన్ని రెట్లగును?

3. గడియ శుభ్రముగానున్నను బానెట్టు ఊడుచున్నది. మీట సగములో నిలిచిపోవుచున్నది. కారణమేమి? ఏమి చేయవలెను?

4. గడియ బోల్టులను సడలించుటకు ముందు పెన్సిలుతో గీత ఏల గీయవలెను?

5. మీ యింటి కారు గాని, మీ బంధువుల కారు గాని, పెద్దలు ప్రక్కననుండగా ఐదవ పరీక్ష చేయుడు. ఫలితమును మీ నోటుపుస్తకమున వ్రాసి, లోపము కనబడినయెడల ఆ దినమే కారు యజమానునికి తెలుపుడు.